పట్టును దాచుకోవడం: సీఎన్‌సీ పనిలో మాడ్యులర్ వైస్

ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా నిలిచిన సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీకి 175 గేట్లున్నాయి. ధవళేశ్వరం భాగంలో 70, ర్యాలి భాగంలో 43, మద్దూరు భాగంలో 23, విజ్జేశ్వరం భాగంలో 39. ఆత్రేయపురం మండలంలోని బొబ్బర్లంక దగ్గర బయల్దేరే మధ్య డెల్టా కాలువ లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమ పొలాలకు సాగిపోతుంది. గేటు లేవాలన్నా, లాకు తలుపు కదలాలన్నా ఇరుసులు, బుష్‌లు, పిన్నులు, పళ్ళచక్రాలు కావాలి. అవి అరుగుతాయి. అయితే అన్ని గేట్లవీ ఒక్కసారే అరగవు. ఈ ఏడాది నాలుగు బుష్‌లు మార్చవలసి రావచ్చు. మళ్ళీ మూడేళ్ళ దాకా ఆ కొలతతో ఎవరికీ పని పడకపోవచ్చు.

డెల్టాలోని మిషన్ షాపులకు వచ్చే పని చాలావరకు ఇలాంటిదే. రైసు మిల్లు బేరింగ్ హౌసింగులు, చేపల చెరువుల్లో తిరిగే ఏరేటర్ల గేర్‌బాక్సు కవర్లు, వరికోత యంత్రాల బ్రాకెట్లు, పంపుల కప్లింగులు. ఒక్కో ఆర్డరు రెండు ముక్కలు, నాలుగు ముక్కలు, మహా అయితే పాతిక. ఒకే భాగాన్ని ఏడాది పొడుగునా లక్షల్లో కోసే కర్మాగారం లెక్కలు ఇక్కడ చెల్లవు.

సీఎన్‌సీ మిషన్‌కు ఉన్న పెద్ద బలం మరచిపోకపోవడం. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1952లో సంఖ్యలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించింది. అప్పటినుంచి ఈ విద్య ప్రధానంగా పనిముట్టు నడిచే దారిని రాసిపెట్టుకోవడం మీదే ఎదిగింది. మూడేళ్ళ కిందటి ప్రోగ్రామ్‌ను ఇవాళ తీసినా ఎండ్ మిల్ అదే దారిలో నడుస్తుంది. కానీ ఆ ప్రోగ్రామ్ లెక్క మొదలుపెట్టేది ఒక సున్నా నుంచి. ఆ సున్నా జాబ్ (కోసే ముక్క) మూలలో ఉంది, జాబ్ దాన్ని దవడల మధ్య బిగించే వైస్‌లో ఉంది. ఆనాడు వైస్ టేబుల్ మీద ఎక్కడ కూర్చుందో, జాబ్ కింద ఆధారంగా ఏ ప్యారలల్ పలకలు పెట్టారో, ఎంత బిగించారో మూడేళ్ళ తర్వాత ఎవరూ చెప్పలేరు. దారిని దాచుకున్నాం గాని పట్టును దాచుకోలేదు. విప్పి మళ్ళీ అదే చోట అమర్చుకోగల మాడ్యులర్ వైస్ తీర్చేది ఈ కొరతనే. పెద్ద కర్మాగారం కంటే చిన్న ఆర్డర్ల మీద బతికే షాపుకే దాని అవసరం ఎక్కువని నా నిశ్చితాభిప్రాయం.

ఒక లెక్క వేసి చూద్దాం. నాలుగు ముక్కల ఆర్డరు వచ్చిందనుకుందాం. ఒక్కోటి కోయడానికి ఆరు నిమిషాలు, అంటే మొత్తం కోత 24 నిమిషాలు. వైస్‌ను టేబుల్ మీదకు ఎత్తి, డయల్ పెట్టి తిన్నగా ఉందో చూసి, బిగించి, సున్నా పట్టడానికి 45 నిమిషాలు పట్టిందనుకుంటే ఈ ఆర్డరుకు పట్టిన 69 నిమిషాల్లో కోసింది మూడో వంతుకు కాస్త పైన. అదే సెట్టింగ్ 8 నిమిషాల్లో ముగిస్తే 32 నిమిషాల్లో 24 నిమిషాలు, అంటే నాలుగింట మూడు వంతులు కోతకే పోతుంది. స్పిండిల్ వేగం పెంచి, ఖరీదైన కట్టర్ తెచ్చి కోత సమయాన్ని సగానికి తగ్గించినా ఈ లాభం రాదు. జపాన్‌లో షిగెయో షింగో 1969లో టయోటా కర్మాగారంలోని వెయ్యి టన్నుల ప్రెస్ మీద ఇదే నిరూపించారు. నాలుగు గంటలు పట్టే డై మార్పిడి ముందు గంటన్నరకు, తర్వాత మూడు నిమిషాలకు దిగింది. మిషన్ ఆపి చేయవలసిన పనినీ, మిషన్ నడుస్తుండగానే పక్కన చేసిపెట్టుకోగల పనినీ ఆయన విడదీశారు. మాడ్యులర్ వైస్‌లు ఆ విభజనను లోహంలో పోతపోసినట్లు అమలుచేస్తాయి.

పట్టు అనే మాటలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి జాబ్‌ను ఫలానా చోట కూర్చోబెట్టడం, రెండోది అక్కడినుంచి కదలకుండా బిగించడం. మొదటిది సరిగా లేకుండా రెండోది ఎంత గట్టిగా చేసినా ఫలితం లేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రేకు తీసే కుండను పొయ్యి మీద బోర్లించి, కదలకుండా అమర్చి ఉంచుతారు. పిండిలో ముంచిన గుడ్డ మాత్రమే దాని మీద పరుచుకుని లేస్తుంది. కుండ కదలదు కాబట్టే రేకు తర్వాత రేకు ఒకే తీరున వస్తుంది. లోహం కోతలోనూ కదలని ఆధారానిదే మొదటి స్థానం.

ఏ వస్తువుకైనా కదలడానికి ఆరు మార్గాలున్నాయి: మూడు దిక్కుల్లో జరగడం, ఆ మూడు దిక్కుల చుట్టూ తిరగడం. అడుగున మూడు బిందువుల మీద ఆనిస్తే కిందకు జరగడం, రెండు వైపులకు ఒరగడం ఆగుతాయి. పక్కన రెండు బిందువులకు ఆనిస్తే మరో రెండు కదలికలు ఆగుతాయి. చివర ఒక్క బిందువు ఆరోదాన్ని ఆపుతుంది. మూడు, రెండు, ఒకటి: జాబ్‌ను పట్టి ఉంచే అమరికల, అంటే ఫిక్స్చర్ల విద్యకంతటికీ ఇదే పునాది. వైస్‌లో అడుగు ఆధారం ప్యారలల్స్, పక్క ఆధారం కదలని దవడ, చివరి ఆధారం స్టాపర్. మన షాపుల్లో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఈ మూడోదే. స్టాపర్ లేకపోతే జాబ్ మార్చిన ప్రతిసారీ పొడుగు దిక్కున సున్నా మళ్ళీ పట్టాలి. చిన్న ఇనుప ముక్కకు బోల్టు వేసి వైస్ పక్కన అమర్చితే తీరిపోయే పని అది.

ఇక బిగింపు. ఎంత బలం కావాలన్నది ఊహతో తేల్చనక్కరలేదు. కోతకు 3 కిలోవాట్ల శక్తి ఖర్చవుతోందనీ, కట్టర్ అంచు వేగం నిమిషానికి 120 మీటర్లు, అంటే సెకనుకు 2 మీటర్లనీ అనుకుందాం. శక్తిని వేగంతో భాగిస్తే కోత బలం 1,500 న్యూటన్లు. నున్నని ఉక్కు దవడకూ, కూలెంట్‌తో తడిసిన ఉక్కు జాబ్‌కూ మధ్య ఘర్షణ గుణకం 0.15 అనుకోవచ్చు. దవడలు రెండు కాబట్టి దాన్ని రెట్టింపు చేస్తే 0.3. కట్టర్ పన్ను తగిలిన ప్రతిసారీ వచ్చే కుదుపు కోసం రెండున్నర రెట్ల భద్రత తీసుకుంటే 3,750 న్యూటన్లను ఘర్షణే ఆపాలి. దాన్ని 0.3తో భాగిస్తే 12,500 న్యూటన్ల బిగింపు కావాలి. ఇది సుమారు 1,275 కిలోల బరువుకు సమానం. జాబ్ ఎత్తుగా ఉండి పైభాగాన కోస్తుంటే తిప్పి పడదోసే బలం కూడా కలుస్తుంది. అప్పుడు ఈ అంకె చాలదు.

ఇంత బలం చేతికి అందేదేనా అన్న సందేహం అక్కరలేదు. 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న వైస్ స్క్రూను 60 న్యూటన్ మీటర్ల టార్క్‌తో తిప్పితే, సాధారణ ఘర్షణ దగ్గర సుమారు 15,000 న్యూటన్ల బిగింపు వస్తుంది. ఒక జాన పొడుగు పిడి మీద 30 కిలోల తోపు చాలు. పిడికి పైపు తొడిగి లాగడం, సుత్తితో కొట్టి బిగించడం అనవసరమే కాదు, హానికరం కూడా. అది ఎందుకో చెప్పుకోవాలి.

బిగించిన జాబ్ కుంచించుకుపోతుంది. కంటికి కనిపించదు గాని లెక్కకు అందుతుంది. దవడల మధ్య 100 మిల్లీమీటర్ల అల్యూమినియం దిమ్మె ఉందనుకుందాం. దవడ తగిలే వైశాల్యం 100కి 20 మిల్లీమీటర్లు. 12,500 న్యూటన్లకు ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 6.25 న్యూటన్లు. అల్యూమినియం స్థితిస్థాపక గుణకం అదే కొలమానంలో 70,000. భాగించి, పొడుగుతో హెచ్చిస్తే దాదాపు 9 మైక్రాన్లు. ఉక్కయితే అందులో మూడో వంతు. ఈ స్థితిలో రంధ్రం బోర్ చేసి, మిషన్ మీదే కొలిస్తే అంతా సరిగానే ఉంటుంది. వైస్ వదలగానే దిమ్మె తన పాత కొలతకు తిరిగి వస్తుంది. రంధ్రం గుండ్రం చెడుతుంది, రెండు రంధ్రాల నడుమ దూరం మారుతుంది. 25 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్7 ప్రమాణం అనుమతించే పరిమితి 21 మైక్రాన్లే. బిగింపును రెట్టింపు చేస్తే కుంచింపూ రెట్టింపే, ఆ పరిమితిలో ఎక్కువ భాగాన్ని అదే మింగేస్తుంది. పలుచని గోడలున్న హౌసింగ్ అయితే చెప్పనక్కరలేదు. కాబట్టి పట్టు చాలినంత ఉండాలి, అంతకు మించకూడదు, ప్రతిసారీ అంతే ఉండాలి. ఈ మూడో షరతు టార్క్ రెంచ్ లేకుండా తీరదు. ముతక కోతకు 60 న్యూటన్ మీటర్లు, తర్వాత ఒకసారి వదులుచేసి ఫినిష్ కోతకు 25 అని రాసుకుంటే, ఆ బిగింపును మూడేళ్ళ తర్వాత మరొకరి చేతా మళ్ళీ తెప్పించవచ్చు.

పాత తరహా వైస్‌లో ఇంకో లోపం ఉంది. స్క్రూ తిప్పేకొద్దీ కదిలే దవడ ముందుకు రావడంతోపాటు కొద్దిగా పైకి లేస్తుంది, జాబ్‌నూ లేపుతుంది. అందుకే మిషనిస్టు బిగించాక రాగి సుత్తితోనో నైలాన్ సుత్తితోనో తట్టి, కింద ప్యారలల్స్ కదులుతున్నాయేమో వేలితో చూస్తాడు. అమెరికాలో కర్ట్ కంపెనీ ప్రచారంలోకి తెచ్చిన ఏటవాలు లాక్ ఈ లోపాన్ని సవరించింది. ఆ నిర్మాణంలో స్క్రూ నట్టు దవడను ఏటవాలుగా నెడుతుంది. ముందుకు తోసే బలంలో ఒక భాగం కిందకు లాగే బలంగా మారుతుంది. ఇవాళ మంచి మిల్లింగ్ వైస్‌లలో చాలావాటిలో ఈ సూత్రం ఏదో రూపంలో ఉంటుంది. కొనే ముందు కదిలే దవడ మీద డయల్ పెట్టి, బిగించినప్పుడు సూది ఎంత లేస్తుందో చూపించమని అడగాలి. కరపత్రంలోని పది వాక్యాల కంటే ఆ ఒక్క పరీక్ష ఎక్కువ చెబుతుంది.

మాడ్యులర్ అన్న ఆలోచన కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లో జాన్ వార్టన్ గాడులున్న దిమ్మెలను పిల్లల ఆటబొమ్మల్లా జోడించి, పని అయ్యాక విప్పి మళ్ళీ వాడుకునే ఫిక్స్చర్లను రూపొందించారు. ఒక్కో జాబ్‌కు ఒక్కో ఫిక్స్చర్ చేయించే తీరిక యుద్ధంలో లేదు. చిన్న షాపుకు ఎప్పుడూ ఉండదు. ఇవాళ్టి మాడ్యులర్ వ్యవస్థలో మూడు అంతస్తులుంటాయి. అడుగున మిషన్ టేబుల్‌కు శాశ్వతంగా బిగించిన ప్లేటు. దాని మీద ఖచ్చితమైన దూరాల్లో రంధ్రాలో, వైస్‌ను ప్రతిసారీ ఒకే చోట పట్టి నిలిపే జీరో పాయింట్ పట్లో ఉంటాయి. మధ్యలో వైస్ శరీరం, దాని అడుగున ప్లేటులో కూర్చునే పుల్ స్టడ్లు. పైన జాబ్‌ను బట్టి మార్చుకునే దవడలు. వైస్‌ను తీసి మళ్ళీ పెడితే 5 మైక్రాన్లలోపు అదే చోట కూర్చుంటుందని మంచి తయారీదారులు హామీ ఇస్తారు. అంటే జాబ్ సున్నాను ఒకసారి పట్టి, ప్లేటు మధ్యబిందువు నుంచి ఎంత దూరమో ప్రోగ్రామ్ తలపైనే రాసిపెడితే, మూడేళ్ళ తర్వాత ఆ వైస్‌ను ఆ రంధ్రాల్లో దించి పని మొదలుపెట్టవచ్చు. మొదటి ముక్కను కొలిచి చూడడం మాత్రం మానకూడదు.

పుల్ స్టడ్ల మధ్య దూరాల్లో 52, 96 మిల్లీమీటర్లు చాలామంది తయారీదారులు పాటిస్తున్నవి. ప్లేటు ఒక కంపెనీది, వైస్ మరో కంపెనీది కొన్నా సరిపోయేలా ఈ కొలతల్లో ఒకదానికి కట్టుబడడం మంచిది. ఒక్క కంపెనీకే సొంతమైన కొలతలో ఇరుక్కుంటే తర్వాత కొనే ప్రతి దవడకూ ఆ కంపెనీ అడిగినంత ఇవ్వాలి. చిన్న షాపుకు ఇది చిన్న విషయం కాదు.

కదలని దవడ ఉన్న వైసా, రెండు దవడలూ కలిసి కదిలి మధ్యకు వచ్చే సెల్ఫ్ సెంటరింగ్ వైసా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు చెప్పేవారిని నమ్మలేను. రంపంతో కోసిన ముడి కడ్డీలు ఒక్కోటి అర మిల్లీమీటరు తేడాతో వస్తాయి. కదలని దవడ వైస్‌లో ఆ తేడా అంతా ఒక పక్కకు పోతుంది, ఆనిన అంచు మాత్రం చెక్కుచెదరదు; అంచు నుంచి కొలతలున్న బ్రాకెట్లకూ కవర్లకూ ఇదే తగినది. సెల్ఫ్ సెంటరింగ్‌లో తేడా రెండు పక్కలకూ సగం సగం పంచుకుంటుంది, మధ్యరేఖ నిలుస్తుంది; మధ్యలో బోరున్న బుష్ హౌసింగ్‌కూ, నాలుగు పక్కలా తిరిగి కోసే ఐదు అక్షాల మిషన్‌కూ అదే సరైనది. డ్రాయింగులో కొలతలు ఎక్కడినుంచి మొదలయ్యాయో చూస్తే ఏ వైస్ కావాలో తెలిసిపోతుంది. మూడు అక్షాల మిషన్ ఉన్న మన షాపుల్లో మొదటి కొనుగోలు కదలని దవడదే కావాలి. అదీ ఒకటి కాదు, ఒకే ఎత్తుకు జతగా గ్రైండ్ చేసిన రెండు. పొడుగు జాబ్‌ను రెండింటి మీదా పరిచి బిగించవచ్చు, పొట్టి జాబ్ అయితే ఒకదానిలో మొదటి వైపు, రెండోదానిలో రెండో వైపు కోయవచ్చు. జత ఎత్తుల్లో తేడా 10 మైక్రాన్లు దాటితే జత అన్న మాటకు అర్థం లేదు.

దవడల విషయంలో ఇంకాస్త ఆగాలి. నున్నని గట్టి దవడ పూర్తయిన ముఖాన్ని గీతపడకుండా పడుతుంది, కానీ ఘర్షణ తక్కువ. పళ్ళున్న దవడ జాబ్‌లోకి దిగి పట్టుకుంటుంది. ఘర్షణ గుణకం 0.3 దాకా ఉన్నట్టు పనిచేస్తే పైన వేసిన లెక్కలో బిగింపు 6,250 న్యూటన్లకు తగ్గుతుంది, కుంచింపూ సగమవుతుంది. జర్మనీకి చెందిన లాంగ్ కంపెనీ మరో అడుగు వేసి, ముడి దిమ్మె పక్కల్లో ముందే గుంటల వరుస అచ్చు వేసి, ఆ గుంటల్లో దవడ పళ్ళు కూర్చునేలా చేసింది. 3 మిల్లీమీటర్ల అంచు దొరికితే చాలు, మిగతా దిమ్మె అంతా కోతకు బయటే ఉంటుంది. పళ్ళ దవడలు ముడి లోహానికే. రెండో వైపు తిప్పాక, పూర్తయిన ముఖాలను పట్టుకోవడానికి అల్యూమినియం సాఫ్ట్ జాలను మించినవి లేవు. వాటిని వైస్‌లో బిగించి, జాబ్ ఆకారాన్ని అదే మిషన్ మీద వాటిలో కోసుకోవాలి. కోసేటప్పుడు దవడల మధ్య ఒక ముక్క పెట్టి, జాబ్‌కు ఎంత టార్క్ ఇస్తామో అంతే టార్క్‌తో బిగించి ఉంచాలి. వదులు దవడల్లో కోసిన ఆకారం బిగించగానే మారిపోతుంది. ఆ దవడల మీద జాబ్ నంబరు పంచ్ కొట్టి అరలో దాచితే, గేటు బుష్ హౌసింగ్ మళ్ళీ వచ్చిన రోజున పట్టు సిద్ధంగా ఉంటుంది.

ఎత్తు గురించి ఒక హెచ్చరిక. ప్లేటు మీద జీరో పాయింట్, దాని మీద వైస్, దాని మీద ఎత్తు దవడలు పేర్చుకుంటూ పోతే స్పిండిల్ కింద చోటు తగ్గడమే కాదు, గట్టిదనమూ పోతుంది. నిలువుగా నిలిచిన దూలం చివర పక్కకు తోస్తే వంపు పొడుగు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఎత్తు ఒకటిన్నర రెట్లయితే వంపు దాదాపు 3.4 రెట్లు. కోతలో వినిపించే కీచు శబ్దం, ముఖం మీద పడే అలల గీతలు చాలాసార్లు కట్టర్ తప్పు కాదు, ఈ ఎత్తు తప్పు.

మన వాతావరణాన్ని ఏ విదేశీ కరపత్రమూ లెక్కలోకి తీసుకోదు. డెల్టాలో రేకుల షెడ్డులో నడిచే మిషన్‌కు వేసవి ఉదయానికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా వింత కాదు. 200 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క పది డిగ్రీలకు 46 మైక్రాన్లు సాగుతుంది, ఉక్కు 23. జీరో పాయింట్ 5 మైక్రాన్లకు తిరిగి కూర్చుంటుందని సంతోషించి, ఉదయం పట్టిన సున్నాతో మధ్యాహ్నం ఫినిష్ కోత వేస్తే ఆ ఖచ్చితత్వమంతా వేడికి కరిగిపోతుంది. ఫినిష్ పనిని, దాని కొలతను ఒకే పూటలో ఉంచుకోవాలి. తేమ మరో శత్రువు. గ్రైండ్ చేసిన అడుగు ముఖం మీద ఒక్క రాత్రిలో తుప్పు చుక్క మొలుస్తుంది. వైస్ దాని మీద కూర్చుంటే ఇక సమతలం అన్న మాట లేదు. అరలో పెట్టే ప్రతి వైస్‌కూ, ప్రతి దవడకూ తుడిచి నూనె పూత వేయాలి. ప్లేటులో వాడని రంధ్రాలకు మూతలు పెట్టాలి. 150 మిల్లీమీటర్ల వైస్ ఒక చివర కింద 0.1 మిల్లీమీటరు చిప్ ఇరుక్కుంటే, దాని మీద కోసిన 100 మిల్లీమీటర్ల ముఖం ఒక అంచు నుంచి మరో అంచుకు 67 మైక్రాన్లు వాలుతుంది. గాలి కొట్టి, గుడ్డతో తుడిచి, చివరకు అరచేత్తో రాసి చూడడం ఏ ఆధునిక పరికరమూ రద్దుచేయలేని పని.

ఈ విద్య తెలుగునేలకు పరాయిది కాదు. 1847లో కాటన్ ఆనకట్ట పని మొదలైనప్పటి నుంచి ధవళేశ్వరం గోదావరి ఇంజనీరింగు పనులకు కేంద్రం. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ చేసిన లేత్ చక్కులు దేశమంతటా టర్నర్లకు తెలుసు. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహకారంతో కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను నెలకొల్పింది. జిగ్గులు, ఫిక్స్చర్ల రూపకల్పన అక్కడి చదువులో భాగం. విజయవాడలోనూ దానికి కేంద్రం ఉంది. ఐటీఐ చదివి షాపులో చేరిన గోదావరి జిల్లాల కుర్రవాడు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి చూపే ఆసక్తిని పట్టు నేర్చుకోవడానికీ చూపితే, వెళ్ళవలసిన దూరం విజయవాడ వరకే.

కొత్తగా మిషన్ కొనేవారు బ్యాంకు అప్పుకు రాసే కొటేషన్‌లోనే ఈ సామగ్రిని చేర్పించాలి. మిషన్ వచ్చాక విడిగా కొందామనుకుంటే, డబ్బు అయిపోయి, ఒక్క పాత వైస్‌తోనే ఏళ్ళు గడుస్తాయి. ముందు ప్లేటు, జత వైస్‌లు, రెండింటికీ స్టాపర్లు, ఒక టార్క్ రెంచ్, నాలుగైదు జతల సాఫ్ట్ జా దిమ్మెలు. అల్యూమినియం దిమ్మెలను బజారులో కడ్డీ కొని షాపులోనే కోసుకోవచ్చు. జీరో పాయింట్ పట్లు ఖరీదైనవి. రోజుకు మూడుసార్లైనా సెట్టింగ్ మారని షాపుకు డోవెల్ పిన్నులూ బోల్టులూ ఉన్న ప్లేటు చాలు, సెట్టింగ్‌కు రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుందంతే. సెల్ఫ్ సెంటరింగ్ వైస్ నాలుగో అక్షం వచ్చినప్పుడు. వీటన్నిటికీ తోడు ప్రతి జాబ్‌కూ ఒక కార్డు ఉండాలి: ఏ రంధ్రాల్లో ఏ వైస్, ఏ దవడ, ప్యారలల్ ఎత్తు, స్టాపర్ ఏ పక్క, టార్క్ ఎంత, సున్నా ఎక్కడ. కార్డు వెనక బిగించిన జాబ్ ఫోటో అతికించి, ప్రోగ్రామ్ నంబరును కార్డు మీదా, కార్డు నంబరును ప్రోగ్రామ్ తల మీదా రాయాలి.